ఆచారము – ధర్మము

విద్యార్థులారా! ముందుగా ఒక ప్రాచీన కథ వినుడు.

క్రీస్తునకు పూర్వము 522 మొదలు 486 వఱకు పారసీక సామ్రాజ్యమును డేరియసు అను చక్రవర్తి పాలించెను. ఆయన యేలుబడిలో పెక్కు జాతులవారుండిరి. ఒకనాడు చక్రవర్తి తన కొలువులోనున్న గ్రీకులను పిలిపించి, “ఎంత ధనమిచ్చినచో మీరు మరణించిన మీ తండ్రుల దేహములను భుజింతురు?” అని యడిగెను. గ్రీకులు తమ పితరులను దహనము చేయువారు. వారు నివ్వెఱపోయి, ఎంత ధనమిచ్చినను అట్టి పని చేయజాలమనిరి. పిమ్మట చక్రవర్తి కల్లతీయులను వారిని రప్పించెను. మరణించిన తలిదండ్రుల దేహములను భుజించుట వారి ఆచారమట. గ్రీకులు వినుచుండగనే ఆయన దుబాసి ద్వారా వారిని, “ఎంత ధనమిచ్చినచో మీరు మీ తండ్రులను అగ్నిలో దహింతురు?” అని ప్రశ్నించెను. వారు పెద్దపెట్టున కేకలు వేసి, అట్టి మాట నోట పలుకవలదని చక్రవర్తిని వేడుకొనిరి.

క్రీ.పూ. 5వ శతాబ్దమునకు చెందిన హెరొడోటసు అను గ్రీకు చరిత్రకారుడు ఈ కథను తన గ్రంథమున వ్రాసెను. లోకమునందలి ఆచారములన్నింటిని ముందుంచి, వానిలో ఉత్తమమైనవానిని ఏఱుకొనుడని చెప్పినచో, ప్రతి జాతివారును చక్కగా ఆలోచించి తమ ఆచారములనే ఏఱుకొందురని ఆయన యభిప్రాయము. మనుష్యులపై ఆచారము రాజువలె అధికారము చెలాయించునని ఆయన తలంచెను.

ఈ కథ విని నవ్వుకొనుటకు ముందు మన చుట్టును ఒకసారి చూతము. మన తెలుగునాట మేనమామ కుమార్తెను వివాహమాడుటను మేనరికమందురు. అనేక కుటుంబములలో అది పెద్దలు ముచ్చటపడి కుదుర్చు సంబంధము. ఉత్తర హిందూస్థానమునందు పెక్కు కుటుంబములలో మేనమామ కుమార్తె తోడబుట్టిన చెల్లెలితో సమానము. అట్టి వివాహపు మాట విన్నంతనే వారు చెవులు మూసికొందురు. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టము వివాహమునకు తగని దగ్గఱి సంబంధములను పేర్కొనుచు, ఉభయపక్షముల ఆచారము అనుమతించినచో మినహాయింపు నిచ్చినది. అనగా మన దేశపు చట్టమే ఈ ఆచారభేదమును గుర్తించి గౌరవించినది.

మృతులను సాగనంపు విధములును ఇట్లే భిన్నములు. హిందువులలో పెక్కుమంది దహనము చేయుదురు. వీరశైవులు కూర్చుండబెట్టి సమాధి చేయుదురు. ముస్లిములును, క్రైస్తవులును ఖననము చేయుదురు. పార్సీలు తమ సంప్రదాయము ననుసరించి ఎత్తైన కట్టడములపై దేహము నుంచి పక్షులకు సమర్పింతురు. వీనిలో ఏది ధర్మము? ఏది అధర్మము? ఒక పద్ధతిలో పెరిగినవానికి మఱియొక పద్ధతి కఠినముగ తోచవచ్చును. అట్లు తోచుట పెరిగిన విధమును బట్టి కలుగు భావమేకాని, ధర్మనిర్ణయము కానేరదు.

ఇంతవఱకు హెరొడోటసు చెప్పినది సత్యమే. కాని ఆయన కథలో మనము గమనింపవలసిన మఱియొక విశేషము కలదు. గ్రీకులును, కల్లతీయులును చేయు పనులు పరస్పర విరుద్ధములు. అయినను ఇరువురును ఒకే మాట చెప్పిరి. తమ తలిదండ్రుల యెడల తమకుగల గౌరవమును ధనమునకు అమ్మజాలమనిరి! చేయు విధము వేఱు, దాని వెనుకనున్న భావమొకటే. ఆచారములు చెట్టు కొమ్మలవలె నలుదిక్కుల వ్యాపించినను, క్రిందనున్న మూలము కొన్ని యెడల ఒక్కటియే కావచ్చును.

ఏ జాతి ఆచారమును ఆ జాతి దృష్టితోనే చూడవలెననియు, ఒక జాతి కొలబద్దతో మఱియొక జాతిని కొలువరాదనియు చెప్పు సిద్ధాంతమునకు సాంస్కృతిక సాపేక్షవాదమని పేరు. అమెరికాలో మానవశాస్త్రమునకు పునాదులు వైచిన ఫ్రాంజ్ బోయస్ (1858–1942) ఈ దృష్టిని ప్రచారము చేసెను. ఆయన శిష్యురాలు రూత్ బెనెడిక్ట్ 1934లో ప్రకటించిన ‘పాటర్న్స్ ఆఫ్ కల్చర్’ అను గ్రంథము దీనిని సామాన్య పాఠకులకు సైతము పరిచయము చేసెను. ఆ కాలమున ఐరోపా దేశములవారు ఆసియా, ఆఫ్రికా ఖండములను ఆక్రమించి, అచ్చటి ప్రజలు అనాగరికులనియు, వారిని ఉద్ధరించుటకే తాము పాలించుచున్నామనియు చెప్పుకొనుచుండిరి. అట్టి అహంకారమునకు ఈ వాదము చక్కని మందు. ఇతరులను తూలనాడుటకు ముందు వారిని తెలిసికొనుమని అది బోధించినది.

నేను ఉపాధ్యాయుడనై యున్న దినములలో ఎనిమిదవ తరగతివారికి ఈ డేరియసు కథను పలుమాఱులు చెప్పితిని. “ఎవరి ఆచారము వారికి గొప్ప. కావున ఎవ్వరిని నిందింపవలదు” అని పాఠమును ముగించుచుంటిని. పిల్లలు సంతోషముతో వినుచుండిరి. నేనును తృప్తిపడుచుంటిని.

ఒక సంవత్సరము, ఆ పాఠము చెప్పిన కొలది దినములకే, తరగతిలో చక్కగా చదువు బాలిక యొకతె బడికి వచ్చుట మానెను. ఆమెకు పదమూడేండ్లు. పెండ్లి నిశ్చయమైనదని తోటి పిల్లలు చెప్పిరి. ఆ సాయంకాలమే నేను వారి యింటికి పోయితిని. ఆమె తాతగారు నన్ను ఆదరముతో మంచముపై కూర్చుండబెట్టి మజ్జిగ యిప్పించిరి. నేను మెల్లగా సంగతి కదల్పగా ఆయన శాంతముగ, “పంతులుగారూ! తమరు చదువుకొన్నవారు, తమకు తెలియనిది కాదు. ఇది మా యింటి ఆచారము. మా అమ్మకును, నా భార్యకును ఈ యీడుననే పెండ్లి జరిగినది” అనిరి.

నేను మాఱు పలుకలేదు. ఆడపిల్లకు పదునెనిమిదేండ్లు నిండనిదే వివాహము చేయరాదని అప్పటికే చట్టము కలదు. ఆ చట్టము నా పక్షమున నుండియు, నేను మౌనము వహించితిని. తరగతిలో నేను చెప్పిన మాటయే నా నోరు కట్టివైచినది. లేచి వచ్చుచుండగా, తలుపు చాటున ఆ బాలిక పుస్తకముల సంచిని ఒడిలో నుంచుకొని కూర్చుండియుండుట కంటబడెను. ఆమె అభిప్రాయమును తాతగారు అడిగియుండలేదు. నేనును అడుగలేదు.

మఱునాడు తరగతిలో ఒక బాలుడు లేచి, “అయ్యా! ఎవరి ఆచారము వారికి గొప్ప యంటిరి గదా. మఱి ఆమె యేల యేడ్చుచున్నది?” అని ప్రశ్నించెను. నాకు సమాధానము తోచలేదు. “కూర్చుండుము” అని మాత్రము చెప్పి, పద్యపాఠము తెఱచితిని. పెండ్లి జరిగినది. ఆమె మరల బడికి రాలేదు. ఈ పాఠము ఆ బాలునకు నేను బాకీపడియున్న సమాధానము.

అతని ప్రశ్నలో ఎంతో సూక్ష్మమున్నది. “ఇది మా ఆచారము” అని ఒకరు చెప్పినప్పుడు, ఆ “మా” అను మాటలో ఎవరెవరు చేరుదురు? ఆ మాట పలికిన పెద్ద చేరును. పెండ్లికి సమ్మతించిన బంధువులు చేరుదురు. తలుపు చాటున నున్న బాలిక చేరునా? ఏ సంఘమును ఒకే నోటితో మాటలాడదు. మాటలాడు అధికారము గలవారి కంఠమే మనకు వినబడును. వినబడని కంఠములు ప్రతి యింటను, ప్రతి యూరను కలవు. ఒక జాతి ఆచారమును గౌరవించుచున్నామని తలంచి, ఆ జాతిలో బలవంతులైన కొందఱి మాటనే గౌరవించు ప్రమాదము కలదు.

దీనికి మన దేశచరిత్రయే నిదర్శనము. పందొమ్మిదవ శతాబ్ది ప్రారంభమున వంగదేశమునందు, భర్త చితిపై భార్యను దహించు సహగమనము పలుచోట్ల జరుగుచుండెను. దానిని సమర్థించువారు అది పవిత్రమైన ఆచారమనియు, స్త్రీలు స్వేచ్ఛగనే అగ్నిప్రవేశము చేయుదురనియు వాదించిరి. రాజా రామమోహనరాయలు 1818లో సమర్థకునకును, ఖండించువానికిని జరుగు సంభాషణరూపమున ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. స్వేచ్ఛగ మరణించునదైనచో, ఆమెను శవముతో కలిపి బంధించి, లేవకుండునట్లు పైన కట్టెలు పేర్చుట యెందులకని అందు ఆయన నిలదీసెను. విద్యార్థులారా! ఆ త్రాడే సాక్ష్యము. సమ్మతించిన మనిషిని కట్టివేయ నక్కఱలేదు. ఆమెను పట్టి కట్టవలసివచ్చినదనగా, ఆ ఆచారము ఆమెది కాదనియే యర్థము.

1829 డిసెంబరు 4వ తేదీన గవర్నరు జనరలు విలియం బెంటింకు సహగమనమును నిషేధించుచు శాసనము చేసెను. అది మతాచారమనియు, పరదేశ ప్రభుత్వము జోక్యము చేసికొనరాదనియు కొందఱు ఇంగ్లండునకు అప్పీలు చేసికొనిరి. 1832లో ఆ అప్పీలు త్రోసివేయబడినది. పరదేశీయుల జోక్యము వలదనుట సామాన్యముగ న్యాయమైన మాటయే. కాని ఇచ్చట ఆ మాటను అడ్డుపెట్టుకొని రక్షింపదలచినది మన దేశపు స్త్రీలను కాదు, వారిని కట్టిన త్రాడును. దానిని మొదట ఖండించినవారిలో మన శాస్త్రములను చదివిన మనవాడే యున్నాడని మఱువరాదు.

మన తెలుగుదేశమునకు వత్తము. గురజాడ అప్పారావుగారి ‘కన్యాశుల్కము’ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడెను. ధనము తీసికొని బాలికలను వృద్ధులకు సైతము కట్టబెట్టు దురాచారమును అది ఎండగట్టినది. ఆ గ్రంథపు పీఠికలో ఆయన ఒక లెక్కను పొందుపఱచెను. విజయనగర మహారాజు ఆజ్ఞచే, విశాఖపట్టణ మండలమునందలి బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్క వివాహముల పట్టికను సిద్ధము చేయగా, 1,034 వివాహములు తేలినవి. ఆ వధువులలో 99 మందికి అయిదేండ్లు, 44 మందికి నాలుగేండ్లు, 36 మందికి మూడేండ్లు, ఆర్గురికి రెండేండ్లు, ముగ్గురికి ఒక్క యేడు! ఒక్క యేటి శిశువును గూర్చి, “ఇది ఆమె ఆచారము” అని ఎవడు చెప్పగలడు? మాటలు రాని పసికూన ఏ ఆచారమును ఎన్నుకొన్నది?

అట్టి వివాహముల ఫలితముగ ఎందఱో బాలికలు ఊహ తెలియకముందే వితంతువులగుచుండిరి. కందుకూరి వీరేశలింగముగారు వారి పక్షమున నిలిచి, 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున మొదటి వితంతు వివాహమును జరిపించిరి. సంఘము ఆయనను వెలివేసినది. ఆ కష్టములలో ఆయన ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు ఆయనకు తోడుగ నిలిచి శ్రమించిరి. ఆనాడు వారిని దూషించినవారును ఆచారము పేరనే దూషించిరి. నేడు మనము ఆ ఆచారమును గాక ఆ దంపతులనే స్మరించుచున్నాము.

ఈ చర్చ మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము, మానవులందఱికిని వర్తించు హక్కుల ప్రకటన యొకటి కావలెనని ఐక్యరాజ్యసమితి సంకల్పించెను. 1947లో అమెరికా మానవశాస్త్రజ్ఞుల సంఘమువారు ఆ సమితికి ఒక విజ్ఞప్తి పంపిరి. పాశ్చాత్యుల విలువలనే ప్రపంచమంతటిపై రుద్దు ప్రమాదము కలదనియు, ప్రతి జాతి సంస్కృతిని గౌరవింపవలెననియు అందలి సారాంశము. ఆ హెచ్చరిక తేలికగ త్రోసిపుచ్చదగినది కాదు. ఆనాటికి ఆసియా, ఆఫ్రికాలలోని పెక్కు దేశములు ఇంకను పరాధీనములై యుండెను. వాని ప్రతినిధులకు ఆ సభలో చోటే లేదు.

అయినను ఆ ప్రకటనను తయారు చేసినవారందఱును పాశ్చాత్యులు కారు. అధ్యక్షురాలు అమెరికాకు చెందిన ఎలినార్ రూజ్వెల్టు కాగా, చైనా దేశీయుడు పి.సి. చాంగు, లెబనాను దేశీయుడు చార్లెస్ మాలిక్ ముఖ్యపాత్ర వహించిరి. భారతదేశ ప్రతినిధి హంసా మెహతాగారు మొదటి అధికరణమునందు “పురుషులందఱు” అని యర్థమిచ్చు ఆంగ్లపదమునకు మాఱుగ “మానవులందఱు” అనుమాట నుంచవలెనని పట్టుపట్టి సాధించిరి. పురుషులనగా అందఱును అందు చేరుదురులెమ్మని ఇతరులు తలంచినను, తలుపు చాటునున్నవారు అట్టి మాటలలో సులభముగ జాఱిపోదురని ఆమె యెఱుగును. 1948 డిసెంబరు 10వ తేదీన పారిసు నగరమున ఆ ప్రకటన ఆమోదింపబడెను. 48 దేశములు అనుకూలముగ నోట్లిచ్చినవి. 8 దేశములు తటస్థముగ నుండెను. వ్యతిరేకించినది ఒక్కటియు లేదు. వధూవరుల స్వేచ్ఛాపూర్వకమైన సంపూర్ణ సమ్మతి లేనిదే వివాహము జరుగరాదని అందలి 16వ అధికరణము చెప్పుచున్నది.

తటస్థముగ నున్న దేశములలో దక్షిణాఫ్రికా యొకటి. జాతివివక్షను ప్రభుత్వ విధానముగ చేపట్టిన పక్షము ఆ 1948వ సంవత్సరముననే అచ్చట అధికారమునకు వచ్చెను. తమ దేశపు వ్యవహారము తమదేయని ఆ పాలకులు ఏండ్లతరబడి చెప్పుకొనిరి. ఆ “తమ” అను మాటలో ఆ దేశమున అధిక సంఖ్యాకులైన నల్లజాతివారు లేరు. మఱియొక విశేషము: 1947లో సందేహము వెలిబుచ్చిన ఆ మానవశాస్త్రజ్ఞుల సంఘమే 1999లో మానవహక్కులను సమర్థించుచు స్వయముగ ఒక ప్రకటన చేసెను. విద్వాంసులు తమ అభిప్రాయమును దిద్దుకొనుట అవమానము కాదు.

అట్లయిన మనము నేర్వవలసిన దేమి? ఆచారములన్నియు సమానమే యనుట తొందరపాటు. మనకు నచ్చని ఆచారమెల్ల అధర్మమనుట అంతకంటె పెద్ద తొందరపాటు. ఒకడు నేలపై కూర్చుండి భుజించును, ఒకడు బల్లయొద్ద భుజించును. ఒకడు చేతులు జోడించి నమస్కరించును, ఒకడు చేయి కలుపును. వీనిలో ఎవ్వరికిని బాధ లేదు. కావున వీనిని గూర్చి మనకు వినోదముండవచ్చును గాని వివాదము పనికిరాదు. కాని ఒక ఆచారము ఒక మనిషిపై భారముగ పడునప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ ఆచారపు భారమును మోయువారెవరు? వారి సమ్మతిని ఎవరైన అడిగిరా? దీనిని సమర్థించువాడు తానే ఆ భారము మోయవలసివచ్చినచో సమ్మతించునా?

ఈ మూడవ ప్రశ్న క్రొత్తది కాదు. ఇతరులు చేసినచో తనకు బాధ కలిగించు పనిని తాను ఇతరులకు చేయరాదను భావము తిక్కనగారి భారతమున కలదు. చైనా దేశమున కన్ఫ్యూషియసు తన శిష్యులకు బోధించెను. యూదుల పెద్దలు చెప్పిరి. ఒకరినొకరు ఎఱుగని దేశములలో, వేఱువేఱు భాషలలో, ఒకే తలంపు మొలకెత్తినది. మానవులందఱికిని చెందిన ధర్మము కలదా యని ఎవరైన అడిగినచో, నేను ముందుగ చూపునది దీనినే.

ఈ ప్రశ్నలను ముందుగ మన యింట, మన యూర వేసికొని, పిమ్మట ఇతరులను అడుగుట మర్యాద. పరుల దోషములను లెక్కించుట సులభము. స్వంత యింటి తలుపు చాటునకు చూపు సారించుటకు ధైర్యము కావలెను. రామమోహనరాయలును, వీరేశలింగముగారును చేసినది అదియే.

2006వ సంవత్సరపు బాల్యవివాహ నిషేధ చట్టము ప్రకారము వధువునకు 18, వరునకు 21 సంవత్సరములు నిండవలెను. చట్టమున్నంతమాత్రమున పని జరుగదని నా యనుభవమే చెప్పుచున్నది. ఆ మంచముపై మరల కూర్చుండు అవకాశము నాకు లభించినచో, నేను తాతగారితో వాదింపను. వారి ఆచారమును నిందింపను. మజ్జిగ పుచ్చుకొని, “అయ్యా! ఒక్కసారి అమ్మాయిని ఇటు పిలువుడు. ఆమె యేమనునో మనమిద్దఱమును విందము” అని మాత్రము అడుగుదును. ఆనాడు నేను అడుగవలసిన మాట అంతయే.

అభ్యాసము

1. గ్రీకులును, కల్లతీయులును చెప్పిన సమాధానములలో భేదమేమి? సామ్యమేమి?
2. సాంస్కృతిక సాపేక్షవాదము వలన కలిగిన మేలును, దాని పరిమితిని తెలుపుడు.
3. “ఆ త్రాడే సాక్ష్యము” అని రచయిత యేల చెప్పెను?
4. హంసా మెహతాగారు సూచించిన మార్పు ఎట్టిది? దాని ప్రాముఖ్యమేమి?
5. మీకు తెలిసిన ఒక ఆచారమును తీసికొని, పాఠమున చెప్పిన మూడు ప్రశ్నలను వేసి, మీ సమాధానములను ఒక పుటలో వ్రాయుడు.